ఊపిరిని మరల నేర్పు వైద్యశాలలు

తీవ్రవ్యాధి సోకినవానికి కోలుకొని ఇల్లు చేరుటయో, ఆయువు చెల్లి కన్నుమూయుటయో తప్ప మూడవ గతి లేదని వైద్యులును, రోగుల బంధువులును తరతరములుగా నమ్ముచు వచ్చిరి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ నమ్మకమునకు భంగము కలిగినది. తీవ్రమైన న్యుమోనియానో, దేహమంతటను వ్యాపించిన సెప్సిస్‌నో, పెద్ద శస్త్రచికిత్స పిమ్మట తలయెత్తిన ఉపద్రవమునో తట్టుకొని ప్రాణములు దక్కించుకొనియు, వెంటిలేటరు తోడు లేక ఊపిరి తీయలేక, గొట్టము లేక ఆహారము గైకొనలేక, ఒకరు చేయి వేయక ప్రక్కకైనను ఒత్తిగిలలేక, వారములకు వారములు అదే మంచముపై పడియుండు రోగులు ఐ.సి.యు.లలో కానవచ్చిరి. వీరు మరణించుచున్నవారు కారు. కోలుకొనుచున్నవారని చెప్పుటకును వీలులేదు. 1985లో గిరార్డు, రాఫిన్ అను నిద్దరు అమెరికను రచయితలు ఒక వైద్యపత్రికలో ఈ దశను దీర్ఘకాలిక విషమస్థితిగా వర్ణించి, ఇట్టివారిని కాపాడుటయా, పోనిచ్చుటయా యని నిర్మొగమాటముగా ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు అమెరికా సమాజము తిన్నగా సమాధానము చెప్పలేదు. దానికి మారుగా ఇట్టివారికొరకు ఒక ప్రత్యేకమైన తరగతి వైద్యశాలలను పెంచుకొనుచు పోయినది.

ఆ వైద్యశాలలకు 'లాంగ్ టర్మ్ అక్యూట్ కేర్ హాస్పిటల్' అని పేరు. వైద్యులును, నర్సులును వాడుకలో 'ఎల్‌టాక్' అందురు. ఇవి మంచము పట్టిన వృద్ధులను చూచుకొను పరిచర్యాగృహములు కావు. వైద్యుడు ప్రతిదినమును వచ్చి చూచుటయు, శ్వాసచికిత్సకులు రేయింబవళ్లు అందుబాటులో నుండుటయు, డయాలిసిస్, ఎక్స్‌రే, రక్తపరీక్షలు అక్కడనే జరుగుటయు ఇందు నియమము. పునరావాస కేంద్రములును కావు. అమెరికాలో అట్టి కేంద్రములలో చేరవలెనన్నచో రోగి సామాన్యముగా దినమునకు మూడు గంటల వ్యాయామచికిత్సను ఓర్చుకొనగలవాడై యుండవలెను, ఇక్కడికి వచ్చువారిలో పెక్కుమందికి మంచము అంచున కూర్చుండుటయే ఒక దినమంతటి శ్రమ. చట్టము దృష్టిలో ఎల్‌టాక్‌ను ఇతర ఆస్పత్రులనుండి వేరుపరచు ప్రధానలక్షణము ఒక్కటే: అందలి రోగులు సగటున 25 దినములకు మించి యుండవలెను. రోగమును బట్టి కాక, కాలమును బట్టి నిర్వచింపబడిన వైద్యశాల యిది. ఆ కాలము రోగి కండరములకు కావలసినదా, లేక జమాఖర్చుల పుస్తకమునకు కావలసినదా యను సందేహము దీని చరిత్రయందంతటను వెంటాడుచుండును. ఈ రెంటిని విడదీసి చూచినగాని దీని మంచిచెడ్డలు తేటపడవు.

కథకు మొదలు డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెన్ నగరమున నున్నది. 1952 వేసవిలో పోలియో మహమ్మారి ఆ నగరమును ముంచెత్తగా, మ్రింగుటకును, ఊపిరి తీయుటకును తోడ్పడు కండరములు చచ్చుబడిన రోగులు బ్లెగ్డామ్ అంటువ్యాధుల ఆస్పత్రికి నానాటికి ఎక్కువగా రాసాగిరి. అంతకుముందు 1928లో అమెరికాలోని బోస్టనులో డ్రింకరు, షా అనువారు ప్రవేశపెట్టిన 'ఐరన్ లంగ్' అను ఇనుప పేటిక రోగి దేహమును మెడవరకు తనలో నిముడ్చుకొని, చుట్టునున్న గాలి ఒత్తిడిని తగ్గించి రొమ్మును విప్పారజేయునది. బ్లెగ్డామ్‌లో అట్టి పద్ధతులతో చికిత్స పొందిన తొలి 31 మందిలో 27 మంది మూడు దినములలోపుననే మరణించిరి. దిక్కుతోచని ప్రధానవైద్యుడు లాసెన్, మత్తుమందుల నిపుణుడైన బ్యోర్న్ ఇబ్సెన్‌ను సలహాకు పిలువగా, అతడు ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికయొక్క శ్వాసనాళమున మెడవద్ద రంధ్రము చేయించి, అందు గొట్టము నిలిపి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలిని నేరుగా ఊపిరితిత్తులలోనికి నెట్టి చూపెను. తరువాతి మాసములలో సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు, దంతవైద్యవిద్యార్థులు వంతులవారీగా రోగుల ప్రక్కన కూర్చుండి, రాత్రింబవళ్లు ఆ సంచులను నొక్కిరి. మరణముల పాలు సగమునకు సగము తగ్గినది. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరమునందు విషమస్థితిలో నున్న సర్వవిధరోగులకు ఒకచోట సంరక్షణ చేయు విభాగము నారంభించెను. నేటి ఐ.సి.యు.లన్నియు దాని సంతానమే.

విద్యార్థుల చేతులు చేసిన పనిని అచిరకాలముననే యంత్రములు చేపట్టినవి. పోలియో సోకిన బాలుర ఊపిరితిత్తులు స్వతహాగా ఆరోగ్యవంతములు. నరములు తేరుకొన్నంత మేరకు వారు యంత్రమును విడిచి బయటపడుచుండిరి. కాని అనంతరకాలమున వెంటిలేటరు నాశ్రయించినవారు అట్టివారు కారు. మధుమేహము, మూత్రపిండముల వైకల్యము, హృద్రోగము, పొగత్రాగుటచే శిథిలమైన ఊపిరితిత్తులు, డెబ్బదియేండ్ల వార్ధక్యము అన్నియు ఒకే దేహమున కూడియుండగా, వానిపై మరియొక మహోపద్రవము వచ్చిపడినవారు వీరు. మొదటి వారమున వైద్యము వీరి ప్రాణమును నిలుపును. ఆ వైద్యమే రెండవ వారమునుండి క్రొత్త రుగ్మతలకు కారణమగుట మొదలిడును. ఇందలి శరీరధర్మము తెలిసికొనదగినది.

ఊపిరి తీయుటలో ముఖ్యమైన కండరము రొమ్మునకును, కడుపునకును నడుమ గొడుగువలె పరచుకొని యుండు ఉదరవితానము. పుట్టినది మొదలు క్షణమైనను సెలవెరుగని ఈ కండరమునకు వెంటిలేటరు పూర్తి విశ్రాంతి నిచ్చును. ఆ విశ్రాంతియే దానికి చేటగుచున్నది. అమెరికా పరిశోధకులు 2008లో ప్రకటించిన ఒక అధ్యయనమున, మెదడు మరణించి అవయవదానమునకు సిద్ధపరుపబడిన 14 మందినుండి ఉదరవితానపు తునకలను గ్రహించి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. వారు వెంటిలేటరుపై నున్నది 18 గంటలు మొదలు 69 గంటలవరకు మాత్రమే. ఐనను కొలది గంటల శస్త్రచికిత్స జరిగినవారి కండరపోగులతో పోల్చగా, వీరిలో మందగతిగల పోగుల వైశాల్యము 57 శాతమును, శీఘ్రగతిగల పోగుల వైశాల్యము 53 శాతమును తక్కువగా నుండెను. మూడు దినములైనను నిండని వ్యవధిలో ఇంతటి క్షయము గలుగగా, మూడు వారముల పిమ్మట ఏమగునో ఊహింపవచ్చును. తక్కిన కండరముల గతియు నిట్టిదే. 2013లో బ్రిటిషు వైద్యులు ప్రకటించిన మరియొక అధ్యయనములో 63 మంది ఐ.సి.యు. రోగుల తొడ ముందుభాగపు కండరమును అల్ట్రాసౌండుతో కొలువగా, పది దినములలో దాని అడ్డుకోత వైశాల్యము సగటున 17.7 శాతము తగ్గినట్లు తేలినది. ఒక్క అవయవము చెడినవారికన్న పెక్కు అవయవములు చెడినవారిలో ఈ క్షయము మిక్కుటముగా నుండెను. మంచమున పరుండుట మాత్రమే దీనికి కారణము కాదు. దేహమంతట రగిలెడి శోథము కండరములందలి మాంసకృత్తులను హరించుచుండును.

నోటిగుండ దింపిన గొట్టము గొంతును, స్వరతంత్రులను ఒరయుచుండును గనుక, దాని నోర్చుకొనుటకు రోగికి తరచుగా మత్తు ఈయవలసివచ్చును. మత్తులో నున్నవాడు కదలడు, కదలనివాని కండరములు మరింత కరగును, మేలుకొన్నప్పుడు మతిభ్రమయు పైకొనును. ఈ చక్రమును ఛేదించుటకై సుమారు పది, పదునాలుగు దినముల పిమ్మట వైద్యులు మెడవద్ద శ్వాసనాళమునకు రంధ్రము చేసి పొట్టి గొట్టమును అమర్తురు. ట్రాకియాస్టమీ యనునది యిదియే. దీనివలన నోరు విడుదలయగును, మత్తు తగ్గింపవచ్చును, రోగిని కుర్చీలో కూర్చుండబెట్టవచ్చును. దినమునకు ఆరు గంటలకు తగ్గకుండ, వరుసగా 21 దినములు వెంటిలేటరుపై నున్నచో దానిని దీర్ఘకాల యాంత్రికశ్వాస యని 2005 నాటి నిపుణుల సమావేశము నిర్ణయించినది. ఈ దశకు చేరిన రోగి ఐ.సి.యు.లో ఒక విచిత్రమైన స్థానమును పొందును. అక్కడి వైద్యుల చూపు సహజముగా ఆ గంటలో ఎవరి ప్రాణము పోవనున్నదో వానివైపు పరుగిడును. ఒత్తిడి, నాడి స్థిరముగా నున్నవాని వంతు దినమున చివరకు వచ్చును. వానికి కావలసినది మెరపువేగము గాక, నియమబద్ధమైన ఓరిమి. ఎల్‌టాక్‌ను సమర్థించువారి ప్రధానవాదము ఇక్కడనే మొదలగుచున్నది.

ఆ ఓరిమి ఎట్టిదో, దాని ఫలమెంతటిదో సరిగా పరీక్షించిన ప్రయోగము ఒకటి కలదు. అమల్ జుబ్రాన్, మార్టిన్ టోబిన్ అను ఊపిరితిత్తుల నిపుణులును, వారి సహచరులును షికాగో ప్రాంతమందలి ఒక ఎల్‌టాక్‌లో 2000 నుండి 2010 వరకు దీనిని నడపి, 2013లో ఫలితములు ప్రకటించిరి. మెడ గొట్టముతో వచ్చిన 500 మందిని ముందుగా వెంటిలేటరునుండి వేరుచేసి, తేమగల ప్రాణవాయువు మాత్రము గొట్టముచెంత నందించుచు, ఐదు దినములు తాముగా శ్వాసింపగలరేమో చూచిరి. 316 మంది తట్టుకొనలేకపోయిరి. మిగిలినవారిలో పెక్కుమంది అవలీలగా నెగ్గిరి. ఈ ప్రాథమిక పరీక్షయే పెద్ద పాఠము: యంత్రము లేనిదే బ్రతుకరని తలచి పంపబడినవారిలో అనేకులకు యంత్రముతో పని లేదు, విడదీసి చూచినవారు లేకపోవుటయే లోపము.

తట్టుకొనలేనివారిని చీట్లు వేసినట్లు రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు యంత్రమిచ్చు ఒత్తిడిని అంచెలంచెలుగా తగ్గించుచు వచ్చిరి. రెండవ వర్గమును పగటివేళ యంత్రమునుండి పూర్తిగా తప్పించి, తమ బలముతోనే ఊపిరి తీయించి, రాత్రి పూర్ణవిశ్రాంతి నిచ్చిరి. వేసవియంతయు కొట్టమున కట్టివేయబడిన ఎద్దును ఏరువాకనాడు రైతు ఏ విధముగా కొలదిసేపు దున్నించి, కాడి విప్పి నీడకు తోలి, మరునాడు మరికొంతసేపు దున్నించునో, ఈ రెండవ పద్ధతి అట్టిది. ఇందు యంత్రమును విడుచుటకు పట్టిన మధ్యమకాలము 15 దినములు. ఒత్తిడిని తగ్గించు పద్ధతిలో 19 దినములు. కారణము ఆలోచింపదగియున్నది. యంత్రము రవంత తోడ్పడుచున్నంతసేపు రోగి స్వశక్తి యెంతో వైద్యునికి కనబడదు. పూర్తిగా విడదీసినప్పుడు రొమ్ము ఎట్లు కదలుచున్నదో, మెడ కండరములు ఎంత బిగియుచున్నవో, రోగి కన్నులలో భీతి యున్నదో లేదో ప్రత్యక్షముగా గోచరించును. ఐనను ఈ ప్రయోగము ఒక కఠోరసత్యమును గూడ బయటపెట్టినది: పద్ధతి యేదైనను, పండ్రెండు మాసములు నిండునప్పటికి రెండు వర్గములలోను ప్రతి పదిమందిలో ఆరుగురో, అంతకు పైబడియో మరణించిరి.

ఇట్టి నిదానమైన పనికి తావుగా ఏర్పడిన భవనములలో కొన్ని పూర్వము క్షయరోగుల ఆరోగ్యాశ్రమములు. లాస్ ఏంజెలస్ నగరమున 1902లో జార్విస్ బార్లో అను వైద్యుడు స్థాపించిన క్షయ చికిత్సాలయము, స్ట్రెప్టోమైసిను మొదలగు మందులు వచ్చి ఆ రోగమునకు ఆశ్రమములతో పని తగ్గిన పిమ్మట, క్రమక్రమముగా వెంటిలేటరునుండి రోగులను విడిపించు కేంద్రముగా పరిణమించినది. కనెక్టికట్ రాష్ట్రములో వాలింగ్‌ఫర్డ్ చెంతనున్న గేలార్డు వైద్యశాలయు అట్టిదే. 1912–13 శీతకాలమున నాటకకర్త యూజీన్ ఓనీల్ క్షయరోగియై కొన్ని మాసములు గడపినది యిక్కడనే. మదనపల్లె చెంత డేనిషు వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ ఆధ్వర్యమున వెలసిన ఆరోగ్యవరమును ఎరిగిన తెలుగువారికి ఈ వంశవృక్షము సులభముగా బోధపడును. మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, మాసములకొలది విశ్రాంతి తప్ప వేరు మందు లేని కాలమున ఆ ఆశ్రమములు ఒక విద్యను అభ్యసించినవి: దేహము తనంత తాను తేరుకొనువరకు కాచుకొని యుండుట. మందులు వచ్చి ఆ విద్యను పాతబరచినవి. వెంటిలేటరు వచ్చి దానికి మరల పని కల్పించినది.

ఐతే నిదానము ఒక్కటియే ఈ వైద్యశాలలను నాలుగు వందలకు పెంచలేదు. 1983లో అమెరికా ప్రభుత్వము వృద్ధుల ఆరోగ్యబీమాయైన మెడికేర్‌లో ఆస్పత్రులకు సొమ్ము చెల్లించు విధానమును మార్చినది. అంతవరకు ఆస్పత్రి ఎంత ఖర్చు చూపిన అంత చెల్లించుచుండగా, ఆపైన రోగనిర్ణయమును బట్టి ముందే నిర్ధారించిన ఒకే మొత్తము నిచ్చుట మొదలైనది. 2007లో ఆంధ్రప్రదేశమున మొదలైన ఆరోగ్యశ్రీలో ఒక్కొక్క చికిత్సకు ఒక్కొక్క ప్యాకేజీ ధర యున్నట్లే ఇందును. రోగి ఐదు దినములలో ఇల్లు చేరినను, యాబది దినములు మంచముపై నున్నను ఆస్పత్రికి ముట్టునది ప్రాయికముగా ఒకటే. అందుచేత ఎంత త్వరగా పంపిన అంత లాభము. దీర్ఘకాలము రోగుల నుంచుకొను పాత ఆశ్రమములు ఈ లెక్కలో చితికిపోవునను భయముతో వానికి మినహాయింపు నిచ్చి, సగటున 25 దినములకు మించిన నివాసమును ఆ మినహాయింపునకు గుర్తుగా పెట్టిరి. కొలది సంఖ్యలో నున్న పాత సంస్థలను కాపాడుటకు తెరచిన ఆ ద్వారముగుండ, లాభాపేక్షగల క్రొత్త సంస్థలు బారులుతీరి ప్రవేశించినవి. 1997లో 192గా నున్న ఎల్‌టాక్‌లు 2006 నాటికి 408 అయినవి, ఐ.సి.యు.నుండి వీనికి బదిలీయైన వృద్ధులు ఏటికి 13,732 నుండి 40,353కు పెరిగిరి. పెద్ద ఆస్పత్రికి ప్యాకేజీ దాటిన రోగి బరువు తీరుచుండెను. ఎల్‌టాక్‌కు క్రొత్తగా ఒక చెల్లింపు వచ్చుచుండెను. ఒకే రోగి, ఒకే రోగము, రెండు బిల్లులు.

లోపల జరుగు పనిని చూచినచో మాత్రము, దానిని కేవలము లెక్కల మాయయని త్రోసిపుచ్చ వీలుకాదు. శ్వాసచికిత్సకులు గొట్టమునుండి కఫమును తీయుచు, యంత్రము లేకుండ గడపు వ్యవధిని పెంచుచుందురు. గాయముల నర్సులు పిరుదులమీద, మడమలమీద ఎముక కనబడునంతగా ఏర్పడిన పుండ్లను శుభ్రపరచి, చెడునీటిని పీల్చివేయు పట్టీలు వేసి, రెండేసి గంటలకు రోగిని ఒత్తిగిలజేయుదురు. గుండెకవాటములకో, ఎముకకో సూక్ష్మజీవులు పట్టినవారికి ఆరేసి వారములు సిరలోనికి మందెక్కించుదురు. ఆహారనిపుణులు కడుపులోనికి నేరుగా అమర్చిన గొట్టముగుండ మాంసకృత్తులను తూచి పంపుదురు. వ్యాయామచికిత్సకులు వెంటిలేటరును చక్రముల బండిపై ప్రక్కన నడుపుచునే రోగిని నాలుగడుగులు వేయింతురు.

వీనియన్నిటిలోను రోగిని మరల మనిషిగా నిలబెట్టునది మాట. మెడ గొట్టముగుండ పోవు గాలి స్వరతంత్రులను తాకదు గనుక, వారములకొలది రోగి పెదవులు కదల్పగలడు గాని పలుకలేడు. కండరక్షయవ్యాధితో తానే వెంటిలేటరుపై నున్న డేవిడ్ మ్యూర్ అను అమెరికను యువకుడు, 1985లో ఈ చిక్కునకు ఒక చిన్న కవాటమును కనిపెట్టెను. అది శ్వాస లోనికి పోవునప్పుడు తెరచుకొని, వెలువడునప్పుడు మూసికొనును; దారిలేని గాలి పైకెగసి స్వరతంత్రుల నడుమగా నోటిగుండ బయటపడును. దానిని అమర్చుటకు ముందు గొట్టము చుట్టునున్న బుడగలోని గాలిని తప్పక తీసివేయవలెను. లేనిచో లోనికి పోయిన గాలికి వెలుపలి దారి యుండదు. స్వరము వచ్చినపిమ్మట నొప్పి ఎక్కడనో, భయమెందులకో రోగియే చెప్పగలడు; మ్రింగుట, దగ్గుట కూడ దీనివలన మెరుగుపడును.

దీర్ఘనివాసమునకు ఒక మూల్యము కలదు. బలమైన యాంటిబయాటిక్కులను మాసములకొలది వాడిన రోగులు, గొట్టములు తొడిగిన దేహములతో, ఒకే కప్పుక్రింద నుండుటచే, మందులకు లొంగని సూక్ష్మజీవులకు ఈ వైద్యశాలలు పంటభూములైనవి. కార్బపెనెమ్ అను కడపటి శ్రేణి మందులను గూడ నిర్వీర్యము చేయు క్లెబ్సియెల్లా జాతి బాక్టీరియా షికాగోలోని సాధారణ ఆస్పత్రుల ఐ.సి.యు. రోగులలో 3.3 శాతముమంది దేహములందు కనబడగా, ఎల్‌టాక్ రోగులలో 30.4 శాతముమందియందు కనబడినట్లు 2013లో తేలినది. అంతట అక్కడి నాలుగు ఎల్‌టాక్‌లలో వచ్చినవారినందరిని పరీక్షించుట, సోకినవారిని వేరుగా నుంచుట, ప్రతిరోగికి దినమును క్లోర్‌హెక్సిడిన్ ద్రావణముతో ఒడలు తుడుచుట, చేతుల శుభ్రతపై నిఘా పెట్టుట అను నాలుగింటిని కలిపి అమలు జరుపగా, ఆ బాక్టీరియా గలవారి పాలు 45.8 శాతమునుండి 34.3 శాతమునకు దిగినదని 2015లో ప్రకటించిరి.

ఇక ఫలితములు. 23 ఎల్‌టాక్‌లలో వెంటిలేటరుతో చేరిన 1,419 మందిని గూర్చి బార్లో వైద్యశాల పరిశోధకుల నేతృత్వమున 2007లో వెలువడిన అధ్యయనములో 54.1 శాతము యంత్రమును విడిచిరి, 20.9 శాతము దానిపైననే మిగిలిరి, 25 శాతము మరణించిరి. పోల్చిచూచుటకు అట్టి రోగులనే ఐ.సి.యు.లో నుంచిన వేరొక వర్గము ఇందు లేదు గనుక, ఈ అంకెలు ఆశను కలిగించునే గాని ఆధిక్యమును నిరూపింపవు. ఆ లోటును ఆర్థికశాస్త్రజ్ఞులు మరియొక త్రోవను పూరింపజూచిరి. లిరాన్ ఐనావ్, ఏమీ ఫింకెల్‌స్టీన్, నీల్ మహోనీ అనువారు వేర్వేరు ప్రాంతములలో క్రొత్తగా ఎల్‌టాక్ తెరచిన సందర్భములను పట్టుకొని, దానికి ముందును, వెనుకను ఆ ప్రాంతపు రోగుల గతిని పోల్చిరి. పెక్కుమందికి ఎల్‌టాక్ లేనిచో గమ్యము ఐ.సి.యు. కాక పరిచర్యాగృహమే, ఎల్‌టాక్ వచ్చుటచే ఖర్చు పెరిగినది గాని, మరణములు తగ్గుట గాని, ఇల్లు చేరువారు పెరుగుట గాని కనబడలేదని వారు తేల్చిరి. ఏటికి సుమారు 460 కోట్ల డాలర్లు మిగుల్చుకొనవచ్చునని వారి గణన.

చెల్లింపు నియమము వైద్యుని గడియారమును సైతము త్రిప్పగలదని చూపిన సాక్ష్యము మరింత తీవ్రమైనది. 2002 అక్టోబరునుండి ఎల్‌టాక్‌లకు వేరుగా ప్యాకేజీలు ఏర్పరచి, ప్రతి రోగమునకు ఒక కనిష్ఠగడువు పెట్టిరి. రోగి గడువుకు ముందు వెడలినచో చెల్లింపు తక్కువ, గడువు దాటిననాడు పూర్తి మొత్తము. రోగులు కోలుకొను తీరు ఒకరిదొకరికి వేరు గనుక, ఇంటికి పంపుటలును ఆయా దినములపై పరచుకొని యుండవలెను. కాని 2015లో ఒకటియు, 2018లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో మరియొకటియు వెలువడిన అధ్యయనములు, గడువు దాటిన వెంటనే పంపివేయుటలు నిటారుగా పెరిగినట్లు చూపినవి. ఊపిరితిత్తులకు మెడికేర్ నియమావళి తెలియదు, తెలిసినది పంపువారికే. 2013 నాటి చట్టము ఈ ద్వారమును కొంత మూసినది: అంతకుముందు ఐ.సి.యు.లో కనీసము మూడు దినములైన ఉండినవారికి, లేదా ఎల్‌టాక్‌లో 96 గంటలకు మించి వెంటిలేటరుపై నున్నవారికి మాత్రమే హెచ్చు చెల్లింపు. 2015 అక్టోబరునుండి ఇది అంచెలుగా అమలులోనికి రాగా, ఎల్‌టాక్‌లలో కొన్ని మూతపడినవి. కోవిడ్ విజృంభించిన 2020లో పెద్ద ఆస్పత్రుల మంచములు ఖాళీ చేయుటకై ఈ కట్టుబాటునే తాత్కాలికముగా సడలించిరి.

పైకి ఇవి పరస్పరవిరుద్ధముగా తోచును గాని, నిజమునకు జుబ్రాన్ ప్రయోగమును, ఐనావ్ గణనయు రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు. యంత్రమును ఏ పద్ధతిని విడిపింపవలెనన్నది మొదటిది. ఆ పద్ధతికై ప్రత్యేకమైన కప్పు, ప్రత్యేకమైన ధర అవసరమా యన్నది రెండవది. శాస్త్రము నిశ్చయముగా చెప్పగలిగినది మొదటిదానిని గూర్చియే.

మూడవ ప్రశ్న రోగి బంధువులది. దీర్ఘకాల యాంత్రికశ్వాసలో నున్న 126 మంది తరపువారిని ఒక అమెరికను బృందము విచారించి 2009లో ప్రకటించిన వివరములు కలచివేయునవి. 93 శాతముమంది తమవాడు ఏడాది తరువాత జీవించియుండునని దృఢముగా ఆశించిరి. వాస్తవముగా జీవించియున్నవారు 56 శాతము. అందులోను తన పనులు తాను చేసికొనుటకు పెద్ద యాటంకము లేకుండ మిగిలినవారు మొత్తమున 9 శాతము మాత్రమే. ముందు ముందు ఏమి జరుగనున్నదో వైద్యులు తమతో ప్రస్తావించిరని చెప్పినవారు నలుగురిలో ఒక్కరు. మెడకు గొట్టము వేయుటకు సంతకము అడుగునప్పుడు అది చిన్న శస్త్రచికిత్సగా కనబడును. కాని నిజమునకు రోగి రాబోవు సంవత్సరము ఎట్టిదై యుండవలెనో నిర్ణయించు ఘట్టమది.

మనదేశమున ఈ తరగతి వైద్యశాల చట్టములో లేదు. దీర్ఘకాలిక విషమస్థితి మాత్రము కావలసినంత యున్నది. 1956లో డెన్మార్కు వైద్యుడు హెనింగ్ రూబెన్ రూపొందించిన, దానంతటదే ఉబ్బు అంబు సంచిని వెంటిలేటరు ఖాళీ లేని సర్కారు ఆస్పత్రులలో బంధువులే గంటలకొలది నొక్కుచుండుట అపూర్వము కాదు. కోపెన్‌హాగెన్ విద్యార్థుల పని ఇక్కడ అన్నదమ్ములది. ప్రైవేటు ఆస్పత్రిలో ఐ.సి.యు. బిల్లు దినదినము పెరుగగా, పొలమో నగలో అమ్ముకొన్న కుటుంబము, కఫము పీల్చు యంత్రమును, ఆక్సిజన్ యంత్రమును అద్దెకు తెచ్చుకొని రోగిని ఇంటికి చేర్చుకొనును. హైదరాబాదు వంటి నగరములలో ఆస్పత్రికిని, ఇంటికిని నడుమ కొలదివారములు ఉంచుకొను కేంద్రములు ఇటీవల వెలయుచున్నవి. వీనికి నియమములు ఏర్పరచు దినము వచ్చినప్పుడు, అమెరికా అనుభవమునుండి మొదట గ్రహింపవలసిన నీతి యిది: దినములను లెక్కించి ధర కట్టినచో దినములే పెరుగును, యంత్రమును విడిచినవారిని, పలుకగలిగినవారిని, పుండ్లు మానినవారిని లెక్కింపవలెను.

ఆ నియమములు వచ్చువరకు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. ప్రతి ఉదయమును మత్తు తగ్గించి రోగిని మేల్కొల్పుట, యంత్రమునుండి విడదీసి స్వశక్తిని పరీక్షించుట, రాత్రి విశ్రాంతి నిచ్చుట, కుర్చీలో కూర్చుండబెట్టుట, వీలైననాడు కవాటమమర్చి మాటాడించుట, ప్రతి స్పర్శకు ముందు చేతులు కడుగుకొనుట, గొట్టమునకు సంతకము తీసికొనుటకు ముందు రాబోవు సంవత్సరమును గూర్చి కుటుంబముతో కూర్చుండి సత్యము చెప్పుట — వీనిలో ఏ యొక్కదానికిని వేరు భవనముతో గాని, మెడికేర్ వంటి బీమాతో గాని పనిలేదు. జిల్లా ఆస్పత్రి ఐ.సి.యు.లో ఒక మూల నాలుగు మంచములను ఇందుకు కేటాయించి, వాని బాధ్యతను పేరు పెట్టి ఒక వైద్యునికి, ఒక నర్సుబృందమునకు అప్పగించినచో చాలును. ఆ వైద్యుని దినచర్యలో తొలి పని ఒక్కటియే: నిన్నటికన్న నేడు ఈ రోగి యంత్రము లేకుండ ఎంతసేపు ఊపిరి తీయగలిగెనో వ్రాసి పెట్టుట.